ఆడడాక్టరు కూర్చుంటే ఆడవాళ్లు వస్తారు

పల్లెటూరి ఆడవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య పథకాల మీద నమ్మకం ఉందా, వాటివల్ల నిజంగా మేలు జరుగుతోందా అని అడిగారు. మాది కరీంనగర్ వైపు పల్లె. నేను చూసింది చెబుతాను.

మా ఊళ్లో పథకాల పేర్లు ఎవరికీ గుర్తుండవు. "ఆశమ్మ చెప్పింది", "నర్సమ్మ రమ్మంది" అంటారు. వాళ్లు నమ్మేది ఆ మనిషినే.

మా చిన్నమ్మకు నలభై కూడా నిండలేదు. తెల్లబట్ట, పొత్తికడుపులో నొప్పి. నెలల తరబడి ఎవరికీ చెప్పుకోలేదు. చివరికి ఊళ్లో ఆర్ఎంపీకి చూపిస్తే టౌన్లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పంపాడు. స్కానింగ్ తీసి, గర్భసంచికి పుండు పడింది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది, తీసేద్దాం అన్నారు. పిల్లలు పుట్టాక ఇక గర్భసంచి దేనికి అని ఇంట్లోవాళ్లూ సరేనన్నారు. పుస్తెలతాడు కుదువ పెట్టే దాకా వచ్చింది.

ఆశమ్మ అడ్డం పడింది. "కడుపు కోసుడు ఎప్పుడైనా కోస్తరక్కా, ముందు మంగళారం మా దవాఖానల చూపియ్యి" అని వెంటబెట్టుకుని తీసుకెళ్లింది. అది ఆరోగ్య మహిళ క్లినిక్. 2023 మార్చి 8న మొదలైంది, మంగళవారం మంగళవారం ఆడవాళ్లకే, చూసేవాళ్లూ ఆడవాళ్లే. తోడుగా నేనూ వెళ్లాను. డాక్టరమ్మ తలుపు దగ్గరికి వేయించి, "ఎన్నాళ్ల నుంచి ఓర్చుకుంటున్నవమ్మా?" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్న చిన్నమ్మ అప్పుడు మొదలుపెట్టి అన్నీ చెప్పింది. క్యాన్సర్ పరీక్ష చేశారు, అనుమానించాల్సిందేమీ లేదు. ఉన్నది ఇన్ఫెక్షన్. మందులు ఇద్దరూ వాడాలన్నారు. "నాకేం రోగం?" అని మా చిన్నాయన ఎగిరాడు. ఆశమ్మ రోజూ వాకిట్లో నిలబడి, ఆయన మింగే దాకా కదల్లేదు. నొప్పి తగ్గింది. ఆపరేషన్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇది మా ఒక్క ఇంటి గోడు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఆంధ్రలో 8.7 శాతం, తెలంగాణలో 8.2 శాతం. దేశం మొత్తం మీద 3.3 శాతమే. మన ఆడవాళ్లకే అన్ని రోగాలు వచ్చాయా? భయపెట్టి కోసేవాళ్లు మన దగ్గర ఎక్కువ, అంతే. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే చిన్న వయసులోనే ఎముకలు గుల్లబారతాయని ముందుగా ఒక్కరూ చెప్పరు.

కాన్పులకు సర్కారు దవాఖానకు వెళ్లేది కిట్టు కోసం, డబ్బుల కోసం అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 2017లో కేసీఆర్ కిట్ వచ్చినప్పుడు మగబిడ్డకు 12 వేలు, ఆడబిడ్డకు 13 వేలు ఇస్తామన్నది నిజమే, ఆ డబ్బు అక్కరకొచ్చిందన్నదీ నిజమే. కానీ నొప్పులు పడుతున్న మనిషిని లేబర్ రూములో ఒక్క మాట తిడితే, రెండో కాన్పుకు అప్పు చేసైనా ప్రైవేటుకే పోతుంది. మా వాడకట్టులోనే అలా పోయినవాళ్లు ఉన్నారు.

ఇంత పని చేసే ఆశమ్మలకు స్థిరమైన జీతం లేదు, పారితోషికమే. నెలకు 18 వేలు ఇవ్వమని ఏళ్లుగా ధర్నాలు చేస్తున్నారు. హోర్డింగులకు దొరికే డబ్బు వీళ్లకెందుకు దొరకదు?

అవగాహన లేక ఆడవాళ్లు రావడం లేదని మీటింగుల్లో చెబుతుంటారు. నేను ఒప్పుకోను. నాట్ల కాలంలో పగలు దవాఖానకు పోతే ఆ రోజు కూలి పోయినట్టే. మంగళవారం క్లినిక్ రాత్రి ఏడింటి దాకా నడిపి చూడండి, మా వాడకట్టు నుంచే ఆటో నిండా వస్తారు.