టెక్ సందేహాలు: మార్మన్ బ్లాగుల పాత టపాలు ఎక్కడ వెతకాలి?

హైదరాబాద్ నుంచి ఒక పరిశోధక విద్యార్థిని: అమెరికాలోని మార్మన్ (అక్కడే పుట్టిన ఒక క్రైస్తవ సంప్రదాయం) బ్లాగర్ల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. 2004 నుంచి 2012 వరకు వచ్చిన టపాలు కావాలి. సగం లింకులు తెరుచుకోవడం లేదు. గూగుల్‌లో బ్లాగు పేరు కొడితే 19వ శతాబ్దపు పత్రికలు వస్తున్నాయి. ఈ బ్లాగర్లకు తమలో తమకు స్నేహపూర్వకమైన పోటీ ఉండేదట. దానికి ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి?

మంచి అంశం తీసుకున్నారు. పాత పత్రికలు ఎందుకు వస్తున్నాయో ముందు చెబుతాను. ఈ బ్లాగర్లలో కొందరు తమ చర్చి చరిత్రలోని పత్రికల పేర్లనే బ్లాగులకు పెట్టుకున్నారు. 2003 నవంబరులో మొదలైన 'టైమ్స్ అండ్ సీజన్స్' పేరు ఇల్లినాయ్‌లోని నావూలో 1839 నుంచి 1846 వరకు నడిచిన పత్రికది. 2004లో వచ్చిన 'మిలీనియల్ స్టార్' పేరు ఇంగ్లండులో 1840లో పుట్టిన పత్రికది. చరిత్ర పరిశోధకులు 2007లో పెట్టిన 'జువెనైల్ ఇన్‌స్ట్రక్టర్' కూడా అంతే, దాని మూలం 1866 నాటి పిల్లల పత్రిక. అందుకే పేరు కొడితే స్కాన్ చేసిన పాత కాగితాలు ముందుకొస్తాయి. గూగుల్‌లో 'సైట్' అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా బ్లాగు అడ్రసు ఇవ్వండి. ఆ తర్వాత మీకు కావలసిన మాట రాయండి. అప్పుడు ఆ బ్లాగులోని టపాలే వస్తాయి. ఈ బ్లాగులన్నిటినీ కలిపి 2004 నుంచి 'బ్లాగర్‌నకిల్' అంటున్నారు. ఆ మాటతో కూడా వెతకండి, అక్కర్లేనివి చాలా తగ్గిపోతాయి.

తెరుచుకోని లింకులకు, వెబ్ పేజీల పాత కాపీలు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్ ఉంది. బ్లాగు అడ్రసు ఇస్తే ఏ రోజుల్లో కాపీ తీశారో క్యాలెండర్‌లో కనిపిస్తుంది. ఇక్కడ చాలామంది టపా ఒక్కటే చూసి వచ్చేస్తారు. మీరు మాత్రం మొదటి పేజీ పక్క పట్టీని కూడా చూడండి. ఎవరు ఎవరి బ్లాగుకు లింకు ఇచ్చారు, ఎప్పుడు చేర్చారు, ఎప్పుడు తీసేశారు అన్నది ఆ పట్టీలోనే ఉంటుంది. 2005, 2008, 2011 కాపీలను పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికి ఎవరు దగ్గరో, ఎవరు దూరమయ్యారో మీకే తెలుస్తుంది. 'మార్మన్ ఆర్కిపెలాగో' అనే సంకలిని (చాలా బ్లాగుల కొత్త టపాలను ఒకచోట చూపే సైటు) పాత కాపీలు కూడా దించుకోండి. కూడలి, జల్లెడ, హారం, మాలిక రోజుల్లో తెలుగు బ్లాగులు చదివినవారికి సంకలిని ఎంత పని చేసేదో వివరించక్కర్లేదు. కొత్త టపా వేసి, అది అక్కడ కనిపించిందా లేదా అని చూసుకునే ఆత్రం వాళ్లకూ మనకూ ఒకటే.

పోటీకి అసలైన ఆధారం అవార్డులు. బ్లాగర్‌నకిల్‌లో 'నిబ్లెట్స్' అని ఏటా పాఠకుల ఓటింగ్ పెట్టేవారు. ఉత్తమ బ్లాగు, ఉత్తమ టపాతో పాటు మంచి వ్యాఖ్యలు రాసేవారికీ గుర్తింపు ఉండేది. చర్చికి దూరమైనవాళ్లు 'మెయిన్ స్ట్రీట్ ప్లాజా' బ్లాగు చుట్టూ చేరి 'బ్రోడీ అవార్డులు' నడిపారు. చర్చి స్థాపకుడు జోసెఫ్ స్మిత్ జీవిత చరిత్ర రాసినందుకు 1946లో చర్చి వెలివేసిన చరిత్రకారిణి ఫాన్ బ్రోడీ పేరు అది. లోపలివాళ్లు, బయటివాళ్లు వేర్వేరుగా తమ మంచి టపాలను ఎంచుకున్నారు కాబట్టి, రెండు వైపుల నామినేషన్ల జాబితాలు మీకు పెద్ద నిధి. ఆ కాలం పాఠకులు దేన్ని మెచ్చుకున్నారో ఏ సెర్చ్ ఇంజినూ చెప్పలేదు. గెలిచిన టపా ఒక్కటే కాకుండా, నామినేట్ అయిన వాటి లింకులన్నీ తీసుకుని ఒక్కొక్కటీ వేబ్యాక్‌లో పెట్టి చూడండి.

కాలాన్ని విడగొట్టుకోవడానికి కొన్ని గుర్తులు ఇస్తాను. 2007 డిసెంబరులో చర్చి అపోస్తలుడు (అగ్రనాయకుల్లో ఒకరు) ఎం. రసెల్ బలార్డ్, హవాయిలోని బ్రిగం యంగ్ యూనివర్సిటీ స్నాతకోత్సవంలో, ఇంటర్నెట్‌లో సాగే చర్చల్లో పాల్గొనండి అని విద్యార్థులకు చెప్పారు. దానికి ముందు టపాలు, తర్వాత టపాలు విడిగా పెట్టుకోండి. 2012లో మిట్ రామ్నీ అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు బయటివాళ్ల చూపు కూడా వీళ్ల మీద పడింది. ఇల్లు, పిల్లలు, అలంకరణ గురించి రాసిన తల్లుల బ్లాగులది ఇంకో పాయ. దాన్ని ఈ చర్చల బ్లాగులతో కలిపేయకండి. అక్కడి రచయిత్రులు, పాఠకులు, డబ్బు లెక్కలు, అన్నీ వేరు. పరిశోధనను 2018 దాటిస్తే 'మార్మన్' అన్న మాట ఒక్కటీ సరిపోదు. ఆ ఏడాది అప్పటి చర్చి అధ్యక్షుడు రసెల్ ఎం. నెల్సన్, 'చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లాటర్ డే సెయింట్స్' అన్న చర్చి పూర్తి పేరే వాడమని కోరారు. 2019లో చర్చి సైటు అడ్రసు కూడా మారింది. కొత్త టపాల కోసం 'లాటర్ డే సెయింట్' అని కూడా వెతకండి.

మీరు ముందే తెలుసుకోవలసిన నష్టం ఒకటుంది. బ్లాగర్‌నకిల్ ప్రాణమంతా వ్యాఖ్యల్లోనే ఉండేది. కానీ హాలోస్కాన్ లాంటి బయటి సర్వీసుల్లో పెట్టిన వ్యాఖ్యలు ఆ సర్వీసులు పోవడంతో చాలా చోట్ల పోయాయి. టపా ఉండి వ్యాఖ్యలు లేకపోతే చర్చ జరగలేదని అనుకోకండి. థీసిస్‌లో వేబ్యాక్ అడ్రసు పూర్తిగా ఇవ్వండి, అందులోని 14 అంకెలే కాపీ తీసిన తేదీ, సమయం. చివరిగా ఒక మాట, నాకు ఇది ముఖ్యం. కలం పేర్లతో రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. కుటుంబం గురించీ విశ్వాసం గురించీ ధైర్యంగా రాసుకున్నారు. ఆ పేర్ల వెనక ఎవరున్నారో బయటపెట్టే ప్రయత్నం దయచేసి చేయకండి.

యూటాలోని లీహై నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి: ఆఫీసులో నా టీమ్‌మేట్స్ చాలామంది ఈ చర్చివాళ్లే. వాళ్ల ఆలోచనలు తెలుసుకుందామని కొన్ని బ్లాగులు చదువుతున్నాను. రోజూ ఒక్కో సైటు తెరవడం విసుగ్గా ఉంది. ఒకే చోట చూసే మార్గం ఉందా?

ఉంది. ఫీడ్ రీడర్ వాడండి. బ్లాగులు తమ కొత్త టపాలను 'ఫీడ్' రూపంలో పంపుతాయి, రీడర్ వాటన్నిటినీ ఒకే చోట చూపిస్తుంది. 2013 జూలై 1న గూగుల్ రీడర్ మూతపడినప్పటి నుంచి చాలామంది ఆ సంగతే మరిచిపోయారు కానీ, ఫీడ్లు బతికే ఉన్నాయి. ఫీడ్లీ, ఇనోరీడర్ రెండిట్లోనూ ఉచిత ఖాతా దొరుకుతుంది. బ్లాగు అడ్రసు ఇస్తే ఫీడ్‌ను అవే పట్టుకుంటాయి. పట్టుకోకపోతే, వర్డ్‌ప్రెస్ బ్లాగు అయినప్పుడు అడ్రసు చివర స్లాష్ పెట్టి 'ఫీడ్' అని ఇంగ్లిష్‌లో రాయండి.

ఏ ఒక్క బ్లాగుతోనో ఆగకండి. 'బై కామన్ కన్సెంట్' ఉదారంగా ఉంటుంది, 'మిలీనియల్ స్టార్' సంప్రదాయం వైపు నిలబడుతుంది, 2010లో వచ్చిన 'వీట్ అండ్ టేర్స్' సందేహాలకు ఎక్కువ చోటిస్తుంది. మూడింటినీ ఒకే ఫోల్డరులో పెట్టుకుంటే ఒకే విషయం మీద మూడు వాదనలు వరసగా కనిపిస్తాయి. చరిత్ర ఇష్టమైతే 'కీపపిచినిన్' పాత టపాలు చదవండి. సామాన్య సభ్యుల జీవితాలను ఆర్కైవుల్లోంచి అంత ప్రేమగా బయటికి తెచ్చిన బ్లాగులు తక్కువ. టీమ్‌మేట్స్ దగ్గర మాత్రం బ్లాగుల్లో చదివిన వివాదాలతో మాట మొదలుపెట్టకండి. వాళ్లలో చాలామంది వాటిని చదివి ఉండకపోవచ్చు.

తెనాలి నుంచి ఒక రిటైర్డ్ టీచర్: అయిదుగురు మిత్రులం కలిసి వర్డ్‌ప్రెస్‌లో బ్లాగు పెట్టాం. ఒకరి టపాను ఇంకొకరు పొరపాటున తీసేశారు. మాటామాటా పెరిగింది. ఇలా జరగకుండా ఏం చేయాలి సార్?

ముందు ట్రాష్‌లో చూడండి. తీసేసిన టపా సాధారణంగా 30 రోజులు అక్కడే ఉంటుంది, 'రీస్టోర్' నొక్కితే తిరిగొస్తుంది. తర్వాత యూజర్స్ విభాగంలోకి వెళ్లి ఒక్కరినే అడ్మినిస్ట్రేటరుగా ఉంచి, మిగతా నలుగురినీ 'ఆథర్' చేయండి. ఆథర్ తన టపాలు రాయగలరు, ప్రచురించగలరు, తీసేయగలరు. పక్కవారి వాటి జోలికి వెళ్లలేరు. పైన చెప్పిన మార్మన్ బ్లాగుల్లో చాలావరకు మీలాగే గుంపుగా నడిచినవే. ఎవరి పేరుతో వాళ్లు రాస్తూ, ఒకే బ్లాగులో ఒకరితో ఒకరు విభేదిస్తూ ఏళ్ల తరబడి సాగించారు. మీరూ ఒకరి మాట మీద ఇంకొకరు జవాబు టపా రాయండి, ఆ పోటీతో పాఠకులు పెరుగుతారు. నెలకోసారి టూల్స్‌లో 'ఎక్స్‌పోర్ట్' నొక్కి ఎక్స్‌ఎంఎల్ ఫైలు దించుకోండి. అందులో టపాలు, వ్యాఖ్యలు వస్తాయి కానీ ఫొటోలు రావు. వాటిని విడిగా పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి.