ఆటోనగర్ బోర్ల గురించి శ్రావణికి

చిరంజీవి శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

విజయవాడ ఆటోనగర్ పక్క వీధుల్లో బోరు నీళ్లు పెట్రోలు వాసన వేస్తున్నాయనీ, శుద్ధి పని నీకు అప్పగించారనీ రాశావు. ఆ ఇళ్లవాళ్లను తలచుకుంటే దిగులేసింది. పరీక్షల ఫలితాల కోసం ఆగకుండా ముందు వాళ్లకు ట్యాంకర్ నీళ్లు ఏర్పాటు చేయించు. కాచి తాగితే చాలని ఎవరైనా అంటే గట్టిగా వద్దని చెప్పు. కాచినప్పుడు లేచే, పెట్రోలులోని బెంజీన్ ఆవిరిని వంటింట్లో ఉన్నవాళ్లే పీలుస్తారు. అది క్యాన్సర్ తెచ్చే పదార్థం. తాగే నీటిలో లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంత తక్కువ మోతాదు ముక్కుకు తెలియదు కాబట్టి, వాసన లేని బోర్లనూ వదలకు.

"మోటార్లు పెట్టి తోడేయండి" అని అందరూ నిన్ను తొందరపెడతారు. ఒప్పుకోకు. తోడితే వచ్చేది నీళ్లే. పెట్రోలులో చాలా భాగం ఇసుకను అంటిపెట్టుకుని కిందే ఉండిపోతుంది. పంపు నడిచినన్నాళ్లూ ఫలితాలు బాగుంటాయి, ఆపేశాక మళ్లీ మొదటికొస్తుంది. ముందు కారే చోటు పట్టుకో. బంకుల్లో డిప్ రాడ్‌తో కొలిచి రాసే స్టాకు పుస్తకాలు తెప్పించుకుని, అమ్మకానికీ నిల్వకూ పొంతన కుదరని చోట ట్యాంకుకూ పైపులకూ ఒత్తిడి పరీక్ష చేయించు.

మన ఊళ్లో ఇంకో చిక్కుంది. వేసవిలో కాలువలు కట్టేస్తే భూగర్భజలం దిగుతుంది. బందరు కాలువకు నీళ్లు వదిలి, వానలు కూడా పడితే పైకి లేస్తుంది. నీటిమీద తేలే పెట్రోలు దానితోపాటే దిగుతూ లేస్తూ ఆ మధ్యనున్న ఇసుకనంతా తడిపేస్తుంది. మే నెలలో పరిశీలన బావిలోకి (నీటిని పరీక్షించడానికే వేసిన బోరులోకి) గాజులాంటి గొట్టం దించి తీస్తే పైన బెత్తెడు పెట్రోలు కనిపించవచ్చు. ఆగస్టులో అదే బావిలో పలుచని మెరుపు కూడా ఉండకపోవచ్చు. అది చూసి శుభ్రమైపోయిందని సంతకం పెట్టకు.

పెట్రోలు ఆవిరిని పైమట్టిలోంచి లాగడం, నీటిమట్టం కింద గాలి ఊదడం ఇక్కడి ఇసుక నేలల్లో బాగా పనిచేస్తాయి. గాలి అందితే నేలలోని బ్యాక్టీరియానే పెట్రోలును తినేస్తుంది. కిలో పెట్రోలుకు సుమారు 3 కిలోల ఆక్సిజన్ కావాలి. మన వేడికి లీటరు నీటిలో 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరగడమే ఎక్కువ. అందుకే బ్యాక్టీరియా పొడి అమ్మజూపేవాళ్లను, గాలి ఎలా అందిస్తారో ముందు అడుగు.

షెడ్లలో గ్రీజు కడిగే ద్రావకాలు కూడా కలిసి ఉంటే కథ మారుతుంది. వాటిలో ఒకటైన ట్రైక్లోరోఎథిలీన్ పెట్రోలులా తేలదు, మునుగుతుంది. దాన్ని విరగ్గొట్టే సూక్ష్మజీవులకు ఆక్సిజన్ గిట్టదు. ఆ విరగ్గొట్టే పని సగంలో ఆగితే అంతకంటే ప్రమాదకరమైన వినైల్ క్లోరైడ్ మిగులుతుంది. కాబట్టి పెట్రోలుకూ ద్రావకాలకూ రెండింటికీ పరీక్షలు చేయించాకే యంత్రాలకు ఆర్డరివ్వు. నమూనాను గాజు సీసాలో బుడగ లేకుండా నిండా పట్టి, మంచులో పెట్టి పంపాలి. ప్లాస్టిక్ సీసాలో పడితే ఫలితాన్ని నమ్మలేం.

బాధితులకు ఒక మాట చెప్పు: పర్యావరణ కేసులు చూసే హరిత ట్రిబ్యునల్‌లో పరిహారం అడగడానికి సాధారణంగా 5 ఏళ్లే గడువు.

ప్రతి బావి నీటిమట్టాన్నీ, కాలువలకు నీళ్లు వదిలిన తేదీలనూ ఒకే కాగితం మీద రాసి నాకు పంపు. ఆవిరి లాగే, గాలి ఊదే గొట్టాలు ఎంత లోతుకు దించాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెదనాన్న