ఇంటి పచ్చడి సీసా లేబుల్ మీద ఏం ఉండాలి?

విశాఖలో ఇంట్లోనే రొయ్యల పచ్చడి, ఆవకాయ పెట్టి అమ్మాలంటే సీసా మీద ఏం రాయాలని అడిగారు. ముందు ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ప్రభుత్వ ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించుకోండి. ఆ 14 అంకెల నంబరు లేబుల్ మీద ఉండాలి. మీ పేరు, చిరునామా, నికర బరువు, ధర, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ ఎలాగూ తప్పవు. వేసిన సరుకుల్లో బరువు ఎక్కువున్నది ముందు రాయాలి.

రొయ్యలు అలర్జీ జాబితాలో ఉన్నాయి, ఆ మాట విడిగా కనబడాలి. దయచేసి ఇది మాత్రం వదిలేయకండి, పడనివాళ్లకు ప్రాణం మీదికొస్తుంది. మాంసాహారానికి గోధుమరంగు చతురస్రంలో త్రికోణం, ఆవకాయకైతే ఆకుపచ్చ చుక్క. వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలి, తెలుగు అదనంగా వేసుకోవచ్చు. తేదీ పెన్నుతో రాయకండి, నూనె చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది.