జాజ్ బాస్ వినపడట్లేదని ప్రెసిషన్ కొనాలా?

బ్రో, డ్రమ్స్ మొదలవగానే నీ జాజ్ బాస్ మునిగిపోతోంది, అందుకే ప్రెసిషన్ (రెండూ ఫెండర్ వాళ్ళ బాస్ గిటార్లే) కొనేద్దామనుకుంటున్నా అన్నావు కదా, డబ్బులు తీసేముందు ఒక్కసారి ఆగు. రెండు పికప్‌ల (స్ట్రింగ్స్ సౌండ్ పట్టే మాగ్నెట్ కాయిల్స్) వాల్యూమూ ఫుల్ పెట్టి వాయిస్తున్నావేమో చూడు, అలా పెడితే మిడ్స్, అంటే మధ్య ఫ్రీక్వెన్సీలు, తగ్గిపోతాయి, రూమ్‌లో ఒక్కడివే వాయిస్తే తియ్యగానే ఉంటుంది కానీ బ్యాండ్‌లో మాయం. బ్రిడ్జ్ పికప్ నాబ్ పూర్తిగా తగ్గించి, టోన్ సగానికి తిప్పి, చెయ్యి నెక్ వైపు జరిపి వాయించు. గుయ్య్ మని హమ్ వస్తుంది, కంగారుపడకు, ఇలాంటి సింగిల్ కాయిల్ పికప్ ఒక్కటే ఆన్‌లో ఉంటే అంతే. ఫ్లాట్‌వౌండ్ (పైన నున్నగా ఉండే) స్ట్రింగ్స్ కూడా వేసి చూడు, కొత్త గిటార్ కంటే చవకే కదా.

అచ్చం ప్రెసిషన్ అయిపోదులే. కానీ ఆ సౌండే నీకు నచ్చిందో లేదో తెలుస్తుంది. నచ్చి, హమ్ మాత్రం చిరాకు పెడితే అప్పుడు కొను, 1957 నుంచి దాంట్లో ఉన్న స్ప్లిట్ కాయిల్ (రెండు ముక్కలుగా ఉండే) పికప్‌కి ఆ గోల ఉండదు.

స్కేల్, అంటే స్ట్రింగ్ మోగే పొడవు, రెండిటికీ 34 అంగుళాలే, తేడా నట్ (నెక్ పైచివర స్ట్రింగ్స్ ఆనే పట్టీ) దగ్గర వెడల్పులో: జాజ్‌ది సుమారు 38 మిల్లీమీటర్లు, ప్రెసిషన్‌ది 41 నుంచి 44. నావి పొట్టి వేళ్ళు, బెంగళూరు మారతహళ్ళిలో ఒకాయన దగ్గర సెకండ్‌హ్యాండ్ ప్రెసిషన్ అరగంట వాయించేసరికి మణికట్టు లాగేసింది, దండం పెట్టి వచ్చేశా. నువ్వూ ఇందిరానగర్ వైపు షాపుకెళ్ళి నిలబడి, స్ట్రాప్ వేసుకుని వాయించి చూడు, స్టూల్ మీద కూర్చుని కాదు.