చాట్ తీసేసినా చాట్‌జీపీటీకి ఎలా గుర్తుంటోంది?

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో మాకు కమీషన్ కొట్టు ఉంది. నేను, నా భార్య, ఇంటర్ బైపీసీ చదువుతున్న మా అమ్మాయి ఒకే ఖాతాలో చాట్‌జీపీటీ వాడుతున్నాం. కోల్డ్ స్టోరేజీకి లేఖ రాసిపెట్టమని మొన్న నేను అడిగితే, ‘మీకు థైరాయిడ్ ఉంది కాబట్టి యార్డు పనిలో మధ్యమధ్య విశ్రాంతి తీసుకోండి’ అని చివర్లో చేర్చింది. థైరాయిడ్ ఉన్నది నా భార్యకు. ఆ చాట్లన్నీ తొలగించినా అదే ప్రస్తావన మళ్లీ వస్తోంది. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మీరు తొలగించింది సంభాషణలను మాత్రమే. మాటల మధ్యలో ముఖ్యమని తోచినవాటిని చాట్‌జీపీటీ విడిగా ఒక జాబితాలో రాసుకుంటుంది. అసలు చాట్‌ను తీసేసినా ఆ జాబితా చెక్కుచెదరదు. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో మెమరీ, అక్కడ మేనేజ్ అన్నది తెరిస్తే ఆ జాబితా కనిపిస్తుంది. ‘థైరాయిడ్‌కు మందులు వాడుతున్నారు’, ‘బైపీసీ చదువుతున్నారు’, ‘మిర్చి వ్యాపారం చేస్తున్నారు’ వంటి చిన్న చిన్న వాక్యాలన్నీ ఒకే మనిషివన్నట్టు అక్కడ వరుసగా ఉంటాయి. ఖాతా ఒకటే కాబట్టి మీరు ముగ్గురూ దాని దృష్టిలో ఒక్కరే. మీ లేఖలోకి థైరాయిడ్ వచ్చింది ఇందువల్లనే.

ఆరోగ్యానికి సంబంధించిన వాక్యం పక్కనున్న గుర్తు నొక్కి దాన్ని తొలగించండి. ‘నాకు థైరాయిడ్ లేదు, ఆ సంగతి మరిచిపో’ అని చాట్‌లోనే చెప్పినా వింటుంది గానీ, ఆ తరువాత జాబితా తెరిచి, ఆ వాక్యం నిజంగా పోయిందో లేదో కళ్లారా చూసుకోవడమే మేలు. 2025 ఏప్రిల్ నుంచి జాబితాతో పాటు పాత సంభాషణలను కూడా ఆధారం చేసుకునే ఏర్పాటు వచ్చింది. అందువల్ల ఏదైనా సంగతి పూర్తిగా పోవాలంటే జాబితాలోని వాక్యాన్నీ, దాన్ని చెప్పిన చాట్‌నూ రెండింటినీ తొలగించాలి. చాట్‌ను ఆర్కైవ్ చేస్తే, అంటే తీసేయకుండా పక్కన దాచిపెడితే, సరిపోదు. తొలగించినవాటి నమోదు కూడా భద్రతా కారణాలతో 30 రోజుల వరకు కంపెనీ వద్ద ఉండవచ్చు.

విసుగుతో మొత్తం తుడిచిపెట్టవద్దని నా సలహా. మీరు తేజ రకం సరుకు చూస్తారనీ, లేఖలు తెలుగులో కావాలనీ దానికి గుర్తుంటే మీకే పని తేలిక. అసలు మందు వేరు ఖాతాలు. ఉచిత ఖాతాలు చాలు; ఒకరి ఖాతాను మరొకరికి ఇవ్వకూడదని కంపెనీ నిబంధనలే చెబుతున్నాయి. పైగా భార్య ఆరోగ్యం, ఎదిగే పిల్ల సందేహాలు ఇంట్లోవాళ్లయినా వారి అనుమతి లేకుండా చదవవలసినవి కావు.

ఇంకొక్క మాట అడగకుండానే చెబుతున్నాను. కొట్టుకు సరుకు తెచ్చే రైతుల ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు అందులో టైపు చేయకండి. అవి మిమ్మల్ని నమ్మి ఇచ్చినవి.

ప్రశ్న: ఇంటి దగ్గర ట్యూషన్ చెబుతాను. పిల్లల మార్కుల గురించి చాట్‌జీపీటీని అడిగేటప్పుడు అవి దానికి గుర్తుండకుండా చేయవచ్చా?
— ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: చేయవచ్చునమ్మా. టెంపరరీ చాట్ ఎంచుకుని అడిగితే ఆ సంభాషణ మీ చరిత్రలో కనిపించదు, మెమరీలోకి కొత్తగా ఏదీ చేరదు. కంపెనీ మాత్రం దాని నకలును 30 రోజుల వరకు ఉంచుకోవచ్చు. మెమరీని ఆపినంత మాత్రాన మీ మాటలను మోడల్ శిక్షణకు, అంటే చాట్‌జీపీటీకి మరింత నేర్పడానికి, వాడుకోవడం ఆగదని కూడా గమనించండి. ఆ మీట వేరు, సెట్టింగ్స్‌లోని డేటా కంట్రోల్స్‌లో ఉంటుంది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం సమాచారాన్ని సరిదిద్దమని, తొలగించమని కోరే హక్కును పేర్కొంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడి దశలవారీగా అమలవుతున్నాయి. అంతవరకు ఆగకుండా, పిల్లల పేర్లకు బదులు ‘మొదటి విద్యార్థి’, ‘రెండవ విద్యార్థి’ అని రాయండి. మార్కుల విశ్లేషణకు పేరుతో పని లేదు.