కాంతి చికిత్స మందును లైపోజోమ్‌లో ఎందుకు పెడతారు?

నెల్లూరు నుంచి మావయ్యగారిని అన్నవాహిక క్యాన్సర్ చికిత్సకి చెన్నై తీసుకొచ్చానని, ఫోటోడైనమిక్ థెరపీ (కాంతి చికిత్స) గురించి చదువుతుంటే ‘లైపోజోమ్’ పదేపదే కనిపిస్తోందని, అదెందుకని అడిగారు.

ఈ చికిత్సలో మందు తనంతట తాను కణాన్ని చంపదు. మీద ఎర్ర కాంతి పడితే పక్కనున్న ఆక్సిజన్‌ని చురుకైన రూపంలోకి మారుస్తుంది. కణాన్ని దెబ్బతీసేది ఆ ఆక్సిజనే. చిక్కల్లా ఎక్కడంటే, ఇలాంటి మందుల్లో చాలావాటికి నీళ్లంటే పడదు. రక్తంలో ఉప్మా రవ్వలా ఉండలు కట్టేస్తాయి. ఉండకట్టాక ఎంత కాంతి వేసినా ఆ శక్తి చాలావరకు వేడిగా పోతుందే తప్ప ఆక్సిజన్‌కి అందదు. లైపోజోమ్ అంటే మన కణాల పొరలో ఉండేలాంటి కొవ్వులతో చేసిన, సుమారు 100 నానోమీటర్ల బుడగ. మందు అణువులు ఆ కొవ్వు పొరలో విడివిడిగా సర్దుకుంటాయి. కణితి రక్తనాళాలకి సందులెక్కువ కాబట్టి బుడగలు అక్కడ ఎక్కువ చేరతాయంటారు. ఎలుకల్లో కనిపించినంత బాగా మనుషుల్లో కనిపించలేదు; ఈ మాటని మరీ నమ్ముకోకండి.

వాడుకలో ఉన్న వెర్టెపోర్ఫిన్ లైపోజోమ్ మందే, కానీ అది కంటి రెటీనా జబ్బుకి: 689 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఎర్ర కాంతి 83 సెకన్లు, తర్వాత 5 రోజులు ఎండ తగలకూడదు. అన్నవాహికకి అమెరికాలో 1995లో అనుమతి పొందిన ఫోటోఫ్రిన్ లైపోజోమ్ కాదు. దానితో కనీసం 30 రోజులు ఎండకి దూరంగా ఉండాలి. చెన్నైలో అదే అసలు టెన్షన్. సన్‌స్క్రీన్ ఆపేది అతినీలలోహిత కిరణాలని, ఈ మందుని రెచ్చగొట్టేదేమో కంటికి కనిపించే కాంతి. కాబట్టి బయటికెళ్తే ఫుల్ చేతుల చొక్కా, టోపీ, నల్ల కళ్లద్దాలు ఉండాల్సిందే. అలాగని గది చీకటి చేసి కూర్చోబెట్టొద్దు. ఇంట్లోని మామూలు వెలుతురు చర్మంలో మిగిలిన మందుని మెల్లగా ఖర్చు చేసేస్తుంది.