భీమిలి తెల్లవారుజాము, డ్రోన్ కెమెరా: సెన్సర్ పెద్దదైతే చాలా?

ప్రశ్న: నా డ్రోన్ కెమెరా 12 మెగాపిక్సెళ్లు, 1/2.3 ఇంచ్ సెన్సర్, ఎఫ్/2.8 లెన్స్. ఎండలో ఫొటోలు బాగానే వస్తాయి గానీ, తెల్లవారుజామున భీమిలి తీరం తీస్తే పడవల నీడల్లో అంతా చుక్కలే. ఒకరు 48 మెగాపిక్సెళ్లది కొనమంటున్నారు, ఇంకొకరు 1 ఇంచ్ సెన్సర్ ఉండాల్సిందే అంటున్నారు. ఎవరి మాట వినాలి?
- పాఠకుడు, మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: మెగాపిక్సెళ్ల సంగతి ముందు పక్కన పెట్టండి, మీకు చాలనిది వెలుతురు. మీ సెన్సర్ (వెలుతురుని పట్టి ఫొటోగా మార్చే చిప్) సుమారు 6.2 × 4.6 మిల్లీమీటర్లు. 1 ఇంచ్ అని అమ్మేది 13.2 × 8.8 (పేరుకే ఇంచ్, కొలిస్తే అంత ఉండదు). అంటే వైశాల్యం నాలుగు రెట్లు. అదే ఎఫ్/2.8, అదే షట్టర్ స్పీడ్ పెడితే దాని మీద నాలుగింతల వెలుతురు పడుతుంది. నేల మీదైతే ట్రైపాడ్ వేసి షట్టర్ ఎంతసేపైనా తెరిచి ఉంచొచ్చు, కానీ పైన సముద్రపు గాలి డ్రోన్‌ని ఊపుతూనే ఉంటుంది, గింబల్ (కెమెరా కదలకుండా పట్టుకునే పరికరం) కొంతవరకే ఆపగలదు, అందుకని షట్టర్ త్వరగా మూసేయాలి, దాంతో కెమెరా ఐఎస్‌ఓ (అందిన కొద్ది వెలుతురునే పెంచి చూపే సెట్టింగ్) పెంచేస్తుంది, నాయిస్, అంటే మీరన్న చుక్కలు, వస్తుంది. ఆ నాయిస్‌ని జేపెగ్‌లో (మామూలు ఫొటో ఫైల్‌లో) కెమెరాయే నునుపు చేసేస్తుంది. ఇసుక మీద ఆరేసిన వలని జూమ్ చేసి చూడండి, కన్నులు కలిసిపోయి నీలం మరకలా ఉంటుంది.

అలాగని 1 ఇంచే గొప్ప అనలేం. డీజేఐ కంపెనీ డ్రోన్ మినీ 3 ప్రో సెన్సర్ 1/1.3 ఇంచే, కానీ లెన్స్ ఎఫ్/1.7 (ఈ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ద్వారం పెద్దది). అదే కంపెనీ ఎయిర్ 2ఎస్‌ది 1 ఇంచ్, లెన్స్ ఎఫ్/2.8. సెన్సర్ వైశాల్యంలో రెండోది దాదాపు 1.7 రెట్లు పెద్దది, కానీ మొదటి లెన్స్ 2.7 రెట్లు ఎక్కువ వెలుతురు వదులుతుంది. కాబట్టి మసక చీకట్లో చిన్న సెన్సర్‌దే పైచేయి! ఆ మినీ 3 ప్రోలోని 48 మెగాపిక్సెళ్లు మాత్రం మంచి వెలుతురులోనే పనికొస్తాయి, చీకట్లో నాలుగేసి పిక్సెళ్లు కలిసి 12 అయిపోతాయి.

సూర్యుడు సముద్రం మీదికి వచ్చాక లెక్క మారుతుంది. అప్పుడు ఐఎస్‌ఓ 100లో తీయొచ్చు, ఆకాశం ఉత్త తెల్లగా అయిపోకుండా పడవల నీడలోని రంగులూ దక్కాలంటే 1 ఇంచ్ సెన్సర్ నిజంగా ఆదుకుంటుంది. గోడకి పెద్ద ప్రింట్ వేయించేవాళ్లకి నేను అదే చెబుతాను. మన తీరంలో తేమ వల్ల దూరపు కొండలు పాలిపోయి కనిపిస్తాయి చూడండి, దానికి మాత్రం ఏ సెన్సరూ మందు కాదు.

ఫొటోలు ఫోన్‌లో చూసుకోవడానికే అయితే ఇప్పుడే డబ్బు పెట్టకండి. రా ఫార్మాట్‌లో (కెమెరా నునుపు చేయని ఫైల్‌లో), ఐఎస్‌ఓ 100 దగ్గర, ఏఈబీ (తక్కువ, మామూలు, ఎక్కువ వెలుతుర్లలో వరుసగా తీసే సెట్టింగ్) పెట్టి ఒకే దృశ్యం మూడు ఎక్స్‌పోజర్లలో తీసి కలపండి. గాలి తగ్గిన పూట చూసుకోండి, లేకపోతే అలలూ పడవలూ కదిలి ఫ్రేములు అతకవు. ఇంకోటి, మనది నేవీ ఉన్న ఊరు, భీమిలి అయినా సరే, ఎగరేసే ముందు డిజిటల్ స్కై మ్యాప్‌లో (డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ మ్యాప్) ఆ చోటు గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతంలో, ఉందో లేదో తప్పకుండా చూడండి.